నల్లబడితే భయం లేదు

గోల్ఫ్ పచ్చిక తెగులుకు అన్నభేది కొట్టడం నేర్చుకున్న ఓ మద్దేడ్ మనిషికి, అదే ఉప్పు ఒకరోజు సొంతింట్లో మందుబిళ్లల రూపంలో ఎదురైంది

డిసెంబర్ తెల్లవారుజాము. హైదరాబాద్ పడమటి అంచున ఉన్న ఓ గోల్ఫ్ మైదానంలో ఇంకా సరిగా వెలుతురు రాలేదు. ఇద్దరు మనుషులు చెరో కొస పట్టుకుని పొడవాటి తాడును గడ్డి మీదుగా ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. తాడు వెళ్లిన మేర మంచు రాలిపోయి, బూడిద రంగులో ఉన్న పచ్చిక ఒక్కసారిగా ముదురాకుపచ్చగా మారుతోంది. చూసేవాళ్లకు అదేదో తంతులా ఉంటుంది. నిజానికది వైద్యం. తాడుకు రెండో కొసన ఉన్న మనిషి మధ్యలో ఆగుతాడు. వంగి, గడ్డి మీద సాలెగూడులా అల్లుకున్న తెల్లటి పోగుల్ని వేలితో తాకి చూస్తాడు. ఎండెక్కే సరికి ఆ పోగులు మాయమవుతాయి. వాటి కింద రూపాయి బిళ్లంత మచ్చ మిగులుతుంది, ఎండుగడ్డి రంగులో.

"వచ్చిందా అన్నా?" అని అటు కొసనున్న కుర్రాడు అడుగుతాడు.

"వచ్చింది. ఈసారి జర ముందుగాల్నే వచ్చింది" అంటాడతను.

అతనిది మద్దేడ్. ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాలో, బీజాపూర్ నుంచి భోపాలపట్నం వెళ్లే దారిలో ఉంటుంది ఆ ఊరు. ఇంట్లో తెలుగు, సంతలో గోండి, బడిలో హిందీ. తెలుగు మాట్లాడటం వచ్చినంత బాగా చదవడం రాదు. హైదరాబాద్‌కు వచ్చిన కొత్తలో బస్సు బోర్డులు కూడబలుక్కుని అక్షరాలు నేర్చుకున్నాడు. అతని వయసు 50 దాటింది. అందులో 20 ఏళ్లకు పైగా గడ్డి మీదే గడిచింది.

గడ్డి అంటే మామూలు గడ్డి కాదు, అంటారు మైదానానికి వచ్చేవాళ్లు. కానీ అతనికి తెలుసు, అది గరికే. వినాయక చవితి నాడు పత్రిలో పెట్టే గరిక. పొలం గట్టున ఎంత పీకినా మళ్లీ మొలిచి రైతును ఏడిపించే గరిక. దాన్నే ఇంగ్లీషు వాళ్లు బెర్ముడా గడ్డి అన్నారు. అమెరికాలోని జార్జియా రాష్ట్రం టిఫ్టన్‌లో గ్లెన్ బర్టన్ అనే శాస్త్రవేత్త మన గరిక జాతిని ఆఫ్రికా గరిక జాతితో సంకరం చేసి సన్నటి ఆకు రకాలు తయారు చేశాడు. 1960లలో టిఫ్‌వే, టిఫ్‌డ్వార్ఫ్ అనే పేర్లతో వచ్చిన ఆ రకాలు ప్రపంచంలోని వేడి దేశాల మైదానాలను ఆక్రమించాయి. గట్టున దొరికే గరికను ఎవరూ చంపలేరు. ఈ గరిక సంగతి వేరు. బంతి దొర్లే 'గ్రీన్' మీద దాన్ని రోజూ నాలుగైదు మిల్లీమీటర్ల ఎత్తుకు కోస్తారు. ఆకులు పోతే తిండి తయారు చేసుకునే చోటు పోయినట్టే. ఆకలితో ఉన్న మొక్క మీద తెగులు ఎక్కడం తేలిక. మనుషుల్లో మాదిరే.

ఆ రూపాయి బిళ్ల మచ్చకు అమెరికా వాళ్లు పెట్టిన పేరు కూడా నాణెం పేరే: డాలర్ స్పాట్. వెండి డాలర్ అంత ఉంటుందని అలా పిలిచారు. దానికి కారణమైన శిలీంధ్రానికి ఇంగ్లండ్ శాస్త్రవేత్త బెనెట్ 1937లో ఒక పేరు పెడితే, దాన్ని 80 ఏళ్ల పాటు వాడి, జన్యువులు పరిశీలించాక 2018లో క్లారీడియా అని మార్చారు. పేరు మారినా పద్ధతి మారలేదు. పగలు వెచ్చగా, రాత్రి చల్లగా ఉండి, తెల్లారేదాకా ఆకు తడిగా ఉంటే దానికి పండగ. నత్రజని తక్కువైతే మరీను. ఆకు కొసల నుంచి రాత్రంతా ఊరే నీటి బొట్లలో చక్కెరలు కూడా ఉంటాయి. శిలీంధ్రానికి అది తాగునీరూ, తిండీ. అందుకే పొద్దున్నే తాడుతో మంచు దులపడం. ఖర్చు లేని మందుల్లో అదే మొదటిది.

మద్దేడ్ నుంచి అతను నేరుగా గోల్ఫ్ మైదానానికి రాలేదు. ఆ వైపు నుంచి ఏటా వేల మంది లాగే అతను కూడా మిరపకాయలు ఏరడానికి గోదావరి దాటాడు. వాళ్లకు వానాకాలం వరి, ఎండాకాలం తునికాకు, ఇప్పపువ్వు. మధ్యలో చేతిలో డబ్బు పడాలంటే తెలంగాణ మిర్చి చేలే దిక్కు. రెండు సీజన్లు ఖమ్మం వైపు కాయలు ఏరాడు. మూడో ఏడు, 2003లో, ఓ మేస్త్రీ వెంట హైదరాబాద్ వచ్చి కొత్తగా కడుతున్న ఇళ్ల ముందు లాన్లు పరిచే పనిలో చేరాడు. అక్కడి నుంచి ఈ మైదానం. 2005లో అతని జిల్లాలో జనం రెండుగా చీలి, ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయి, చాలామంది అడవి దాటి ఇటువైపు వచ్చేశారు. ఆ రోజుల్లో ఇంటికి వెళ్లొద్దని తండ్రే కబురు పంపాడు. నాలుగు నెలల కోసం వచ్చిన మనిషి అలా నగరంలో మిగిలిపోయాడు.

మైదానంలో మొదటి పదేళ్లూ తెగులంటే మందే. మచ్చ కనబడితే మందు, కనబడకపోతే రాకుండా మందు. వీపు మీద 16 లీటర్ల పంపు, మూతికి గుడ్డ. డబ్బాల మీద ఇంగ్లీషు అక్షరాలు చదవడం రాకపోయినా, ముక్కోణం గుర్తులో రంగు చూసి అంచనా వేసుకునేవాడు. ఎరుపైతే బాగా విషం, ఆ తర్వాత పసుపు, నీలం, చివరికి ఆకుపచ్చ. మందు కొట్టిన రాత్రి తల దిమ్ముగా ఉండేది. పోనీ తెగులైనా తగ్గిందా అంటే, ఒక మందు రెండేళ్లు బ్రహ్మాండంగా పనిచేసి మూడో ఏడు నీళ్లలా అయిపోయేది. మందు కల్తీదని మైదానం వాళ్లు దుకాణం మీద కేకలేసేవాళ్లు. కల్తీయే కానక్కర్లేదు. బెనోమిల్ తరహా మందులకు ఈ శిలీంధ్రం 1970 దశకంలోనే అమెరికాలో అలవాటు పడిపోయింది. మన రైతులకు బాగా తెలిసిన కార్బెండజిమ్ కూడా ఆ కుటుంబానిదే.

ఇనుము కథ 2014 చలికాలంలో మొదలైంది. అదీ తెగులు కోసం కాదు, రంగు కోసం. సంక్రాంతి ముందు పోటీలు. పచ్చిక కాస్త పాలిపోయి ఉంది. యూరియా వేస్తే పచ్చబడుతుంది కానీ గడ్డి ఎగబడి పెరుగుతుంది, బంతి సరిగా దొర్లదు. పెరగకుండా పచ్చబడాలంటే ఇనుము కొట్టాలని సూపరింటెండెంట్ ఒక బస్తా తెప్పించాడు. బస్తా విప్పగానే లేత ఆకుపచ్చ పలుకులు. అతను చూడగానే గుర్తుపట్టాడు.

"అన్నభేది గదా సార్, ఇది!"

మిర్చి చేలల్లో, వేరుశనగ చేలల్లో లేతాకులు తెల్లబడితే రైతులు కొట్టే మందే అది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు అన్న లెక్క తెలుగు రైతుల్లో చాలామందికి నోటికి వచ్చు. పేరు ఆయుర్వేదం నుంచి వచ్చింది. కరక్కాయ కషాయంలో దీన్ని కలిపి నల్ల సిరా చేసుకునేవాళ్లు పాతకాలం వాళ్లు. రసాయన శాస్త్రం లెక్కలో ఫెర్రస్ సల్ఫేట్. ఉక్కు రేకుల తుప్పును ఆమ్లంతో కడిగినప్పుడు, టైటానియం డయాక్సైడ్ తయారు చేసినప్పుడు పక్కన మిగిలే సరుకు ఇది. అందుకే ఇంత చౌక.

ఆ రోజు మూడో గ్రీన్ మీద అన్నభేది కొడుతుండగా పంపు నాజిల్ మూసుకుపోయింది. విప్పి చూస్తే ఎర్రటి మడ్డి. దాన్ని ఊది, కడిగి మళ్లీ బిగించి ముందుకు పోయాడు. మధ్యలో బారెడు వెడల్పు పట్టీ ఒకటి తడవకుండా మిగిలిపోయిందని గమనించలేదు. రెండు వారాల తర్వాత ఆ పట్టీ దానంతటదే బయటపడింది. చుట్టూ పచ్చిక శుభ్రంగా ఉంది. పట్టీలో మాత్రం చిల్లర వెదజల్లినట్టు మచ్చలు. సూపరింటెండెంట్ వచ్చి, ఇక్కడ మందు ఎందుకు కొట్టలేదని అడిగాడు.

"మందు ఎక్కడా కొట్టలేదు సార్. ఇనుమే కొట్టిన. ఈడ అదీ పడలే."

ఇద్దరూ కాసేపు ఆ పట్టీ వైపే చూస్తూ నిలబడ్డారు.

వాళ్లకు కొత్తగా కనిపించింది కానీ, ఈ సంగతి ప్రపంచానికి పూర్తిగా కొత్త కాదు. బ్రిటన్‌లో మైదానాల మాలీలు వందేళ్లుగా ఇసుకలో అమ్మోనియం సల్ఫేట్, ఫెర్రస్ సల్ఫేట్ కలిపి చల్లుతున్నారు. వాళ్ల గురి నాచు మీద. నాచు చచ్చేది, గడ్డి రంగు దేరేది, తెగులు కూడా కాస్త తగ్గినట్టు అనిపించేది. కానీ ఆ రోజుల్లో ఇంతకన్నా గట్టి ఆయుధాలు ఉన్నాయి. పాదరసం, కాడ్మియం మందులు పచ్చిక మీద కొట్టేవాళ్లు. అమెరికాలో పచ్చిక మీద పాదరసం వాడకం 1990 దశకం దాకా సాగింది. అవి పోయాక వచ్చిన వాటిలోనూ కొన్నిటి కాలం తీరింది. యూరప్ 2017లో ఇప్రోడియోన్‌కు, 2019లో క్లోరోథలోనిల్‌కు అనుమతి పొడిగించలేదు. అల్మారా ఖాళీ అవుతున్న కొద్దీ అందరి చూపూ అడుగు అరలో ఉన్న పాత బస్తా మీద పడింది.

ఒరెగాన్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో క్లింట్ మాటాక్స్, అలెక్ కొవలెవ్‌స్కీ బృందం చలి ప్రాంతాల గడ్డికి వచ్చే మైక్రోడోకియం మచ్చ తెగులు మీద ఇనుమును పరీక్షించింది. వర్జీనియా టెక్‌లో డాలర్ స్పాట్ మీదే పరీక్షించారు. రెండు చోట్లా రెండు వారాలకోసారి క్రమం తప్పకుండా కొట్టిన ఫెర్రస్ సల్ఫేట్ తెగులును బాగా అణిచింది. అయితే వాళ్లు వాడిన మోతాదు చిన్నది కాదు, చదరపు మీటరుకు సుమారు 5 నుంచి 10 గ్రాముల దాకా. రంగు కోసం కొట్టేదానికి అనేక రెట్లు. తెగులును బాగా ఆపిన మోతాదే గడ్డిని నల్లగా మార్చింది, పలచబరిచింది కూడా. ఉచితంగా ఏదీ రాదు.

ఆ పాఠం అతను పుస్తకంలో చదవలేదు. చేతులు కాల్చుకుని నేర్చుకున్నాడు. పట్టీ చూసిన ఉత్సాహంలో, వారం తిరక్కుండా, ఎవరికీ చెప్పకుండా ఐదో గ్రీన్ మీద ప్రయోగం చేశాడు. కొంచెం కొడితే ఇంత పనిచేసింది, బాగా కొడితే ఇంకెంత చేస్తుంది! గుప్పిళ్ల లెక్కన వేసి, తక్కువ నీళ్లలో చిక్కగా కలిపి, ఉదయం పదకొండు గంటల ఎండలో కొట్టాడు. సాయంత్రానికి గ్రీన్ నల్లబడింది. మర్నాటికి బొగ్గులా అయింది. పక్కనున్న సిమెంట్ బాట మీద ఇప్పటికీ చెరగని తుప్పు మరకలు పడ్డాయి. ఆదివారం ఆడటానికి వచ్చిన పెద్దమనిషి ఒకరు తెల్ల బూట్ల అడుగు చూసుకుని, ఇక్కడ ఎవరైనా బొగ్గులు కాల్చారా అని అడిగాడు. అతనికి వారం కూలీ పోయింది. ఉద్యోగం కూడా పోయేదే. కానీ గడ్డి వేళ్లు బతికే ఉన్నాయి. గరిక కదా! మూడు వారాలకు కొత్తాకు వేసింది.

ఆ మూడు వారాలూ అతను రోజూ ఆ గ్రీన్ దగ్గరికి వెళ్లి మోకాళ్ల మీద కూర్చునేవాడు. నల్లదనంలో రెండు రకాలున్నాయని అప్పుడే గ్రహించాడు. ఒకటి ఇనుము ఆకు మీద ఆరి వచ్చిన నలుపు. నాలుగు సార్లు కోస్తే పోతుంది. కింద ఆకు పచ్చగానే ఉంటుంది. రెండోది మాడిన నలుపు. వేలితో నలిపితే ఆకు పొడిపొడిగా రాలుతుంది. మొదటిదాన్ని చూసి భయపడకూడదు. రెండోదాన్ని రానివ్వకూడదు. రెండిటికీ మధ్య తేడా మోతాదు, నీళ్లు, వేళ. అంతే.

ఇంకో తేడా కూడా ఉంది. అది పంపులోనే కనిపిస్తుంది. అన్నభేది కలిపిన నీళ్లు మొదట లేత ఆకుపచ్చగా ఉంటాయి. బోరు నీళ్లు ఉప్పగా, సున్నపు గుణంతో ఉంటే అరగంటలో టీ రంగుకు తిరుగుతాయి. ఆ తర్వాత అడుగున ఎర్ర మడ్డి పేరుకుంటుంది. నాజిల్‌ను మూసేసింది ఆ మడ్డే. ఇనుము అక్కడే ఉంది, గ్రాము కూడా తగ్గలేదు. కానీ కరిగే ఇనుము కాస్తా కరగని ఇనుమైపోయింది. ఆకుకు దానితో పనిలేదు. అందుకే ముందు నిమ్మ ఉప్పు కలిపి నీటిని పులిపెక్కించాలి. పులుపు ఇనుమును పట్టి ఉంచి, తుప్పు పట్టనివ్వదు. సున్నపు నేలల్లో మొక్కలు పాలిపోయేదీ ఇందుకే. భూమి పైపొరలో సుమారు 5 శాతం ఇనుమే. ఆ నేలలోనూ బోలెడు ఉంటుంది. అయినా మొక్కకు అందదు. ఇనుము ఉండటం వేరు, అందటం వేరు.

శిలీంధ్రానికీ ఇదే కష్టం. ఇనుము లేనిదే దానికీ గడవదు. మట్టిలో కంటికి కనిపించని పోరు ఒకటి నిత్యం ఇనుము కోసమే జరుగుతుంటుంది. సూక్ష్మజీవులు ఇనుమును ఒడిసిపట్టే పదార్థాలను వదులుతాయి. ఎవరి వల పెద్దదైతే వాళ్లదే ఇనుము. మొక్కల వేళ్ల దగ్గరుండే సూడోమోనాస్ బ్యాక్టీరియా ఇలా ఇనుమంతా లాక్కుని తెగులు క్రిములను మాడుస్తుందని కాలిఫోర్నియాలో క్లోపర్ బృందం 1980లో 'నేచర్' పత్రికలో చూపించింది. అంటే వేళ్ల దగ్గర ఇనుము అందకుండా చేస్తే తెగులు తగ్గుతుంది. ఆకు మీద ఇనుము అతిగా పడేలా చేసినా తగ్గుతుంది. ఆకలి ఒకవైపు, అజీర్తి మరోవైపు. ఏ ప్రాణికైనా బతుకు ఆ రెండిటి మధ్య ఉన్న సన్నటి గట్టు మీదే.

ఆ గట్టు ఎక్కడుందో వెతకడానికి అతనికి రెండు చలికాలాలు పట్టింది. చివరికి కుదిరిన లెక్క ఇది: 500 చదరపు మీటర్ల గ్రీన్‌కు కిలోకు మించకుండా అన్నభేది, 15 రోజులకోసారి, ఎండ వాలాక, ముందుగా నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో. రోజూ పొద్దున తాడు. నత్రజని కొంచెం కొంచెంగా, కానీ ఆపకుండా. కొట్టిన ప్రతిసారీ గ్రీన్ మీద ఒక చెక్క పలక పెట్టి, దాని కింద గడ్డిని తడవకుండా వదిలేస్తాడు. ఆ ముక్క అతనికి సాక్షి. పలక కింద మచ్చలు వచ్చి, బయట రాకపోతే ఇనుము పనిచేస్తున్నట్టు. రెండు చోట్లా రాకపోతే తెగులే రాలేదన్నట్టు, గొప్ప తనది కాదన్నట్టు. రెండు చోట్లా వస్తే మొండికెయ్యకుండా మందు కొట్టాలి. తెగులు పూర్తిగా పోలేదు. కానీ చలికాలంలో వారం వారం కొట్టే మందు ఇప్పుడు నెలకోసారికి వచ్చింది. కుర్రాళ్లకు తల దిమ్ము తగ్గింది. మైదానం వాళ్లకు బిల్లు తగ్గింది. వాళ్లు గమనించింది రెండోదాన్ని.

2022లో ఉగాదికి అతను ఊరికి వెళ్లాడు. కూతురుకు ఐదో నెల. పెళ్లయి పక్క ఊరికి వెళ్లిన పిల్ల కాన్పు కోసమని పుట్టింట్లో ఉంది. మొహం పాలిపోయి ఉంది. కింది రెప్ప లాగి చూస్తే ఎరుపే లేదు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. సున్నపు నేలలో గడ్డిని ఏళ్ల తరబడి చూసిన కన్ను కదా, గుమ్మంలోనే పోల్చుకుంది.

మద్దేడ్‌కు తూర్పున బైలాడిలా కొండలు. ఎద్దు మూపురం ఆకారంలో ఉంటాయని ఆ పేరు. 65 శాతానికి పైగా ఇనుమున్న ఖనిజం అక్కడ దొరుకుతుంది. 1968 నుంచి తవ్వుతున్నారు. కిరండూల్ నుంచి విశాఖపట్నం దాకా రైలు మార్గం వేసి, అక్కడి నుంచి ఓడల్లో జపాన్‌కు పంపారు. తవ్వే ఎన్‌ఎండీసీ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే. 2007లో బీజాపూర్ వేరు జిల్లా అయ్యేదాకా మద్దేడ్‌దీ ఆ కొండలదీ ఒకే దంతెవాడ జిల్లా. బస్తర్‌లో చాలా చేతిపంపుల నీళ్లు రాత్రి బిందెలో పడితే తెల్లారేసరికి అడుగున ఎర్రమడ్డి పేరుకుంటుంది. ఆ నేల మీద బతికే ఆడవాళ్ల ఒంట్లో ఇనుము లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఛత్తీస్‌గఢ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 60.8 శాతం మందికి రక్తహీనత. అంతకు ముందు సర్వేలో అది 47 శాతమే. పంపు అడుగున మడ్డిని చూసినవాడికి ఇందులో వింతేమీ లేదు. కొండ నిండా ఉన్నా, బిందె అడుగున ఉన్నా, అది తుప్పు. ఒంటికి దానితో పనిలేదు.

"మాత్రలు ఇయ్యలేదా సిస్టరు?" అని అడిగాడు.

ఇచ్చింది. గూట్లో ఉన్నాయి. రెండు షీట్లలో నాలుగే వాడింది. ఎందుకు మానేశావంటే కూతురు తల్లి వైపు చూసింది. తల్లి చెప్పింది. అవి మింగితే వికారం. పైగా దొడ్డికి నల్లగా అవుతోంది. లోపల ఏదో కాలిపోతోందని, కడుపులో బిడ్డకు తగులుతుందని భయం. ఊళ్లో నలుగురూ అదే అన్నారు. మానేసింది.

అతను షీటు వెనక్కి తిప్పాడు. హిందీలో, ఇంగ్లీషులో అక్షరాలు. హిందీ చదివాడు. ఫెర్రస్ సల్ఫేట్. బస్తా మీద ఉన్న పేరే.

సర్కారు బిళ్లలో 60 మిల్లీగ్రాముల ఇనుము, దానితోపాటు ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. గర్భిణికి రోజుకొకటి చొప్పున ఆరు నెలలు. దేశంలో ఈ బిళ్లలు పంచడం 1970 దశకం నుంచి ఏదో ఒక పేరుతో సాగుతూనే ఉంది. పంచినన్ని మింగకపోవడం కూడా అప్పటి నుంచే ఉంది. ఒంటికి పట్టగా మిగిలిన ఇనుము మలంలో కలిసి నల్లగా బయటికి పోతుంది. అందులో ప్రమాదం లేదు. ఆ ఒక్క మాట బిళ్లతోపాటు చెప్పి ఉంటే చాలావరకు గూట్లో మిగలవు.

అతను కూతురికి ఐదో గ్రీన్ కథ చెప్పాడు. కాలబెట్టిన సంగతి, వారం కూలీ పోయిన సంగతి ఇంట్లో అప్పటిదాకా ఎవరికీ తెలియదు. భార్య నోరు నొక్కుకుంది. కూతురు నవ్వింది.

"అట్లయితే నాకూ మాడుతది గద బాపూ?"

"నేను గుప్పిళ్లతోని పోసిన బిడ్డా. డాక్టరు లెక్క పెట్టి ఇచ్చిండు. లెక్కతోని ఇస్తే వచ్చే నలుపు వేరే. దానికి భయం లేదు."

మర్నాడు మాత్రం ముందు ఆరోగ్య కేంద్రానికే తీసుకెళ్లాడు. చెక్క పలక పెట్టే అలవాటున్నవాడు ఊహ మీద మందు వెయ్యడు. రంగు పాలిపోయిన గడ్డికల్లా ఇనుమే తక్కువ కాదు. కొన్నిసార్లు వేరుకుళ్లు, కొన్నిసార్లు నీళ్లు నిలవడం. బస్తర్‌లో రక్తం తగ్గడానికి మలేరియా ఒక కారణం, సికిల్ సెల్ మరో కారణం. ఇంటింటికీ తిరిగి మలేరియా పరీక్షలు చేసే కార్యక్రమం అక్కడ 2020లో మొదలైంది కూడా అందుకే. కూతురికి రక్త పరీక్షలు చేశారు. మలేరియా లేదు, సికిల్ సెల్ లేదు. ఒట్టి ఇనుము లోపమే. నర్సు రెండు మాటలు చెప్పింది. బిళ్లను నిమ్మకాయ నీళ్లతో వేసుకో. ముందూ వెనకా గంట సేపు టీ తాగకు.

నిమ్మ సంగతి అతనికి చెప్పనక్కర్లేదు. ఎనిమిదేళ్లుగా పంపులో కలుపుతున్నదే. టీ సంగతి మాత్రం దారిలో ఆలోచిస్తే తట్టింది. టీలో వగరు ఉంటుంది, కరక్కాయలో ఉన్నట్టే. కరక్కాయ కషాయంలో అన్నభేది పడితే సిరా. ఇనుము ఆ వగరుకు అతుక్కుపోతుంది, ఇక విడిపోదు. బిళ్ల వేసుకుని టీ తాగితే కడుపులోనూ ఇనుము ఆ వగరుకే చిక్కి, ఒంటికి పట్టకుండా పోతుంది. ఇంటికి రాగానే పొద్దున టీని మధ్యాహ్నానికి మార్పించాడు. బిళ్ల రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుందని కూడా నర్సు చెప్పింది. ఎండ వాలాక కొట్టాలన్న తన లెక్కకు అది సరిపోయినట్టు అనిపించి లోలోపల నవ్వుకున్నాడు. చిన్నపిల్లలకు అందకుండా షీట్లను గూట్లోంచి తీసి దూలానికి వేలాడే బుట్టలో పెట్టాడు. పెద్దలకు మందైనది పసివాళ్లు గుప్పెడు మింగితే ప్రాణం మీదికి వస్తుంది. ఐదో గ్రీన్ అతనికి ఎప్పుడూ గుర్తే.

సెలవు అయిపోయి వెనక్కి వచ్చాక రోజూ రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేసేవాడు. సిగ్నల్ దొరికితే దొరికినట్టు, లేకపోతే లేదు. మాటలు తక్కువే. "వేసుకున్నవా?" "వేసుకున్న బాపూ." మొదట్లో విసుక్కునేది. నెల తిరిగేసరికి అతను అడగకముందే చెప్పడం మొదలుపెట్టింది. మైదానంలో 15 రోజులకోసారి అన్నభేది కొట్టే తారీఖులు గోడ క్యాలెండర్ మీద సున్నాలు చుట్టుకునే మనిషి, ఆ ఆరు నెలలూ రెండో రంగు పెన్సిల్‌తో రోజూ ఒక గీత పెట్టాడు. ఫోన్ కలవని రోజులు ఖాళీగా వదిలేశాడు. అవి తడవని పట్టీలు. మర్నాడు ఆ రోజు గురించే ముందు అడిగేవాడు.

ఆగస్టులో ఆడపిల్ల పుట్టింది, రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు. అది బిళ్లల వల్లే అని అతను అనడు. పలక పెట్టి చూసిన పరీక్ష కాదుగా. తల్లి రక్తం 8 నుంచి 10.5 దాకా వచ్చిందని కాగితం మీద రాసి ఉంది. అంతవరకు మాత్రం చెబుతాడు.

చెప్పేది ఒకటుంది, అదీ అడిగితేనే. గోల్ఫ్ మైదానంలో గడ్డికి ఇనుము తక్కువైతే ఎవరో ఒకరు పొద్దున్నే మోకాళ్ల మీద కూర్చుని చూస్తారు. తారీఖు రాసుకుంటారు. నల్లబడితే ఎందుకు నల్లబడిందో కనుక్కుంటారు. అందుకు జీతమిస్తారు. ఇనుప కొండల పక్కనున్న ఊళ్లలో బిళ్లలు లేక కాదు, అలా రోజూ కూర్చుని చూసేవాళ్లు చాలక. ఒక్క నర్సు ఎన్ని ఊళ్లు తిరుగుతుంది?

తాడు ఈడ్వడం పూర్తయింది. ఎండ గ్రీన్ మీదికి పాకుతోంది. కొత్త కుర్రాడు పరుగున వచ్చాడు. అతనూ భోపాలపట్నం వైపు వాడే, ఈ ఏడే చేరాడు. నిన్న సాయంత్రం మొదటిసారి సొంతంగా పంపు పట్టాడు.

"అన్నా, ఏడో గ్రీన్ నల్లగయింది!"

అతను తాడు చుట్టి పక్కన పెట్టాడు. ఏడో గ్రీన్ దాకా నడిచి, వంగి, నాలుగు ఆకులు తుంచి వేళ్ల మధ్య నలిపాడు. ఆకు పొడి కాలేదు. వేలికి పచ్చటి తడి అంటింది.

"మంచిదే" అన్నాడు. "పోయి పలక తియ్యి. కింద ఎట్లుందో చూద్దాం."